ఇద్దరు తండ్రుల కూతురు

ఒక నవలకి మంచి పేరు వచ్చిందంటే రెండో భాగం రాయమని రచయిత్రిని వేధించడం పాఠకుల హక్కు. తీరా రాశాక "మొదటిదంత బాగా లేదండీ" అని పెదవి విరవడం కూడా వాళ్ళ హక్కే. నవలలు రాసేదాన్ని కనక ఈ రెండు హక్కుల సంగతీ నాకు బాగా తెలుసు. ఆపవలసిన చోట కథ ఆపాం కదా, ఇంక ఆ మనుషుల్ని వాళ్ళ మానాన వదిలెయ్యకూడదా అనిపిస్తుంది. కానీ "తర్వాత ఏమైంది?" అన్న ప్రశ్న వుంది చూశారూ, అది చంటిపిల్ల కొంగు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. విదిలించుకున్నా వదలదు.

జీన్ క్రెయిగ్‌హెడ్ జార్జ్ అనే అమెరికన్ రచయిత్రి కొంగుని ఈ ప్రశ్న ఇరవై రెండేళ్ళు పట్టుకుంది. 1972లో ఆవిడ "జూలీ ఆఫ్ ద వుల్వ్స్" అనే పిల్లల నవల రాసింది. మరుసటేడు దానికి న్యూబెరీ పతకం వచ్చింది. అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే గౌరవాల్లో దానిది మొదటి వరస. 1994లో "జూలీ" అన్న ఒక్క మాటే పేరుగా రెండో నవల వచ్చింది. 1997లో తోడేళ్ళ వైపు నుంచి చెప్పిన మూడో నవల "జూలీస్ వుల్ఫ్ ప్యాక్" వచ్చింది. నేను చెప్పబోయేది మధ్యదాని గురించి. ఇంట్లో నడిమిపిల్లకి పట్టే గతే దానికీ పట్టింది. పెద్దదాని పేరు చెబితే తప్ప దాన్ని ఎవరూ ఆనవాలు పట్టరు. నన్నడిగితే ముగ్గురిలోనూ మనం కూచోబెట్టుకుని మాట్లాడవలసింది ఆ నడిమిపిల్లతోనే.

మొదటి నవల చదవనివాళ్ళ కోసం ఆ కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. అలాస్కా ఉత్తరపు కొసన, మంచుసముద్రం ఒడ్డున, ఇనుపియాక్ జాతివాళ్ళుంటారు. బయటివాళ్ళు వాళ్ళని ఎస్కిమోలనేవారు. నవల్లోనూ ఆ మాటే వుంటుంది. ఆ జాతి పిల్ల మియాక్స్. ఇంగ్లీషు పేరు జూలీ. తల్లి లేదు. తండ్రి కపుగెన్ గొప్ప వేటగాడు. సముద్రపు ఒడ్డున వేట శిబిరంలో కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని, ప్రకృతి చెప్పే గుర్తులు చూసి ఎలా బతకాలో నేర్పుతాడు. పిల్లకి తొమ్మిదేళ్ళు వచ్చేసరికి బడికి పంపక తప్పదని బంధువు ఒకావిడ వచ్చి తీసుకుపోతుంది. తర్వాత కొన్నాళ్ళకి వేటకెళ్ళిన తండ్రి ఇక తిరిగి రాలేదని కబురు. పదమూడేళ్ళకి, తండ్రి ఎప్పుడో స్నేహితుడితో అనుకున్న సంబంధం ప్రకారం, బారో అనే ఊళ్ళో ఒక కుర్రాడితో పెళ్ళి. (ఆ ఊరివాళ్ళే 2016లో ఓటువేసి తమ పాత పేరు ఉట్కియాగ్విక్ మళ్ళీ తెచ్చుకున్నారు.) ఆ కుర్రాడు ఒకరోజు మీదపడి బలవంతం చెయ్యబోతే పిల్ల మూటా ముల్లే సర్దుకుని చెట్టూ చేమా లేని టండ్రా మైదానంలోకి పారిపోతుంది. దారి తప్పుతుంది. తిండి అయిపోతుంది. ఎదురుగా ఒక తోడేళ్ళ గుంపు.

మన బడిపుస్తకాల్లో తోడేలు ఎప్పుడూ దుర్మార్గురాలే. వాగు దగ్గర నీళ్ళు తాగుతున్న గొర్రెపిల్లతో అన్యాయంగా తగవు పెట్టుకున్న ఈసపు కథ గుర్తుందిగా? ఈ నవల్లో అలా కాదు. పిల్ల రోజుల తరబడి పొట్ట మీద పడుకుని తోడేళ్ళనే చూస్తుంది. అవి చెవులతో, తోకతో, మూతితో ఏం మాట్లాడుకుంటున్నాయో నేర్చుకుంటుంది. గుంపుకి పెద్ద అమరోక్ గెడ్డం కింద చెయ్యి వేసి తడుముతుంది. ఆ మర్యాద దానికి అర్థమవుతుంది. అప్పటినుంచి ఆ పిల్ల కూడా దాని బిడ్డల్లో ఒక బిడ్డ. గుంపు తెచ్చిన మాంసంలో ఆమెకీ వాటా.

ఇదంతా రచయిత్రి ఇంట్లో కూచుని అల్లింది కాదు. ఆవిడ తండ్రి కీటకశాస్త్రజ్ఞుడు. అన్నదమ్ములు ఫ్రాంక్, జాన్ అనే కవలలు గ్రిజ్లీ ఎలుగుబంట్ల మీద చేసిన పరిశోధనలకి పేరుపొందినవాళ్ళు. కుర్రతనంలో వాళ్ళు డేగలవేట సరదాతో భావనగర్ రాజకుమారుడి అతిథులుగా మన దేశం కూడా వచ్చి వెళ్ళారు. ఆ సంగతులు 1942లో నేషనల్ జియోగ్రఫిక్ పత్రికలో రాశారు. అలాంటి ఇంట్లో పుట్టినావిడ 1970లో కొడుకుని వెంటపెట్టుకుని బారోలోని పరిశోధనశాలకి వెళ్ళింది. అక్కడ శాస్త్రజ్ఞులు తోడేళ్ళ భాష మీద పనిచేస్తున్నారు. ఆ ప్రయాణంలోనే, ఆ విశాలమైన టండ్రా మీద ఒంటరిగా నడిచిపోతున్న ఒక చిన్నపిల్ల ఆవిడ కంటబడింది. ఆ పిల్లే కథానాయిక అయింది.

ఇక్కడ శాస్త్రం సంగతి ఒకటి చెప్పుకోవాలి. చాలాకాలం తోడేళ్ళ గుంపంటే ఒక సైన్యంలాంటిదని అనుకున్నారు. పోట్లాడి గెలిచినవాడు నాయకుడు, మిగిలినవాళ్ళు బంట్లు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన జంతుప్రదర్శనశాలలో కట్టిపెట్టిన తోడేళ్ళని చూసి రాసిన సంగతులు ఆ అభిప్రాయానికి బలమిచ్చాయి. ఒకదానికొకటి ఏమీ కాని తోడేళ్ళని ఒక దొడ్డిలో పెడితే పోట్లాడుకోక ఏం చేస్తాయి? అడవి తోడేళ్ళని ఏళ్ళ తరబడి వెంబడించిన డేవిడ్ మెక్ అనే శాస్త్రజ్ఞుడు 1999లో అసలు విషయం విడమరిచి చెప్పాడు. అడవిలో గుంపు అంటే మామూలుగా ఒక సంసారం. అమ్మ, నాన్న, రెండు మూడు ఈతల పిల్లలు. పిల్లలు ఎదిగాక తమ దారి తాము చూసుకుంటారు. "నాయకుడు" అని మనం పేరుపెట్టినవాడు కేవలం ఆ ఇంటి తండ్రి.

నవలా రచయిత్రికి ఈ మాట పాతికేళ్ళ ముందే తట్టింది. అమరోక్‌ని ఆ పిల్ల తండ్రిలాగే చూసుకుంటుంది. అందుకే ఒకరోజు విమానంలోంచి వేటగాళ్ళు అమరోక్‌ని కాల్చి చంపి, కిందికి దిగి ఆ కళేబరాన్నయినా తీసుకోకుండా ఎగిరిపోతే, అక్కడ పోయింది ఒక జంతువు అని మనకి అనిపించదు. ఆ తర్వాత ఆమెకి కపుగెన్ బతికే వున్నాడని తెలుస్తుంది. కంగిక్ అనే పల్లెలో వున్నాడు. తెల్లావిడని పెళ్ళి చేసుకున్నాడు. సొంతానికి విమానం వుంది. పిల్ల గుండె గుభేలుమంటుంది. ఇల్లు వదిలి మళ్ళీ మంచులోకి నడుస్తుంది. చివరికి తోడున్న చిన్నపక్షి కూడా చచ్చిపోతే, పాతకాలం అయిపోయిందని తెలుసుకుని బూట్లు తండ్రి ఇంటివైపు తిప్పుకుంటుంది. అంతటితో నవల ఆగుతుంది. ఎంత గొప్ప ముగింపు! చదివినవాళ్ళు ఎవరూ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోరు.

సరే, పిల్ల ఇంటికి వెళ్ళింది. తర్వాత?

ఆ గుమ్మం దగ్గరే రెండో నవల మొదలవుతుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత రాసినా కథలో మాత్రం ఒక పూట కూడా గడవలేదు. తలుపు తీస్తే ఎదురుగా సవతితల్లి ఎల్లెన్, మిన్నెసోటా రాష్ట్రం నుంచి వచ్చిన తెల్ల పంతులమ్మ. లోపల తండ్రి. అమరోక్ చావులో ఆ తండ్రి చెయ్యి వుందన్న నిజం ఇంటి మధ్య బండరాయిలా కూచుని వుంటుంది. కన్న తండ్రి ఒకడు, కాపాడిన తండ్రి ఒకడు. ఒక తండ్రి చేతిలో రెండో తండ్రి పోయాడు. బతికివున్నవాడి ఇంట్లో, అతను పెట్టిన అన్నం తింటూ, ఈ పిల్ల ఎలా వుండాలి?

తోడేళ్ళ మధ్య బతకడం కన్నా ఇది కష్టం. మొదటి నవల్లో ఆకలి, చలి, దారి తెలియకపోవడం అనే శత్రువులున్నారు. ధైర్యమూ తెలివీ వుంటే వాళ్ళని గెలవచ్చు. రెండో నవల్లో శత్రువంటూ ఎవరూ లేరు. తండ్రి చెడ్డవాడు కాదు, తాగుబోతు కాదు. కూతురంటే ప్రాణం. అతను తోడేళ్ళకి శత్రువెందుకయ్యాడంటే, పల్లె బతకాలి కనక.

ఆ బతుకుతెరువు పేరు మస్క్ ఆక్స్. మన భాషలో కస్తూరి ఎద్దు అనుకోవచ్చు. నేల జీరాడే జుట్టుతో చలిని ధిక్కరించి బతికే జంతువు. తోడేళ్ళు వస్తే పెద్దవన్నీ కొమ్ములు బయటికి పెట్టి వలయం కట్టి దూడల్ని మధ్యలో దాచుకుంటాయి. అలాస్కాలో వీటిని వేటాడి వేటాడి అసలు లేకుండా చేశారు. 1930లో గ్రీన్‌లాండ్ నుంచి 34 జంతువుల్ని తెచ్చి, 1935, 36ల్లో నునివాక్ అనే దీవిలో వదిలి మళ్ళీ మంద పెంచారు. జూలీ చిన్నప్పుడు పెరిగింది ఆ దీవిలోనే! వసంతంలో ఈ జంతువుల ఒంటి మీద నుంచి ఊడివచ్చే మెత్తని లోపలి ఉన్నిని కివియట్ అంటారు. దువ్వి తీసి వడికితే గొర్రె ఉన్ని దాని ముందు నిలవదు. 1969లో అలాస్కాలో ఊమింగ్మాక్ అనే సహకార సంఘం పెట్టి, ఆ నూలుని పల్లెల్లోని ఆడవాళ్ళకిచ్చి అల్లికలు అల్లించి అమ్మడం మొదలుపెట్టారు. ఇంటిపట్టున వుండి నాలుగు డబ్బులు కళ్ళజూసుకోవడం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

నవల్లో కపుగెన్ ఇలాంటి మందనే పెంచుతున్నాడు. ఆ ఏడు కారిబూ జింకలు రాలేదు. ఆకలితో వున్న తోడేళ్ళు దొడ్డివైపు చూస్తున్నాయి. ఇప్పుడు ఆ గుంపుకి పెద్ద, జూలీ చేతుల మీద ఆడిన అమరోక్ కొడుకు కపు. తండ్రి తన పేరులో సగం పెట్టుకున్న తోడేలునే కాల్చవలసి వస్తుందేమో! ఆ పేరు పెట్టింది జూలీయే, తండ్రి మీది ప్రేమతో. ఎల్లెన్ పుట్టిన మిన్నెసోటాలో పశువుల మీదికొచ్చిన తోడేలుని కాల్చచ్చుననే నియమం ఒకటి ఈ ఇంట్లోకి కూడా వచ్చి కూచుంటుంది. జూలీ ఏడవదు, అలగదు. తనే మంచులోకి వెళ్ళి, తోడేళ్ళని మంచి చేసుకుని, మూస్ అనే పెద్ద దుప్పులు మేసే చోటికి వాటిని నడిపించుకుపోతుంది. తండ్రికీ తోడేళ్ళకీ మధ్య దూరం పెంచడమే ఆమె ఉపాయం. ఇంట్లో ఇద్దరు పెద్దలు ఎడమొహం పెడమొహంగా వుంటే, ఒకరు హాల్లోకి రాగానే రెండోవారిని వంటింట్లోకి పంపే కూతుళ్ళని నేను ఎంతమందిని చూశానో! ఈ పిల్ల ఆ పనే వందల మైళ్ళ మైదానం మీద చేసింది.

ఈ నవల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది జూలీ మౌనం. తండ్రిని క్షమించానని ఆమె ఎక్కడా ప్రకటించదు. క్షమించనని కూడా శపథం పట్టదు. మన కథల్లో అయితే ఈపాటికి తండ్రి గుండె పట్టుకుని మంచం ఎక్కేవాడు, కూతురు పాదాల మీద పడేది, అందరూ కళ్ళొత్తుకునేవాళ్ళం. ఇక్కడ ఆ పిల్ల కివియట్ దువ్వుతుంది, మంచు కొలుస్తుంది, తండ్రితో మంద దగ్గరికి వెళుతుంది. కోపం అలాగే వుంటుంది, ప్రేమా అలాగే వుంటుంది. "మీ నాన్న మన కోసమే కదే చేశాడు" అన్న ఒక్క మాటతో ఆడపిల్లల నోళ్ళు ఎన్ని ఇళ్ళల్లో మూయించలేదు? మన కోసం చేసినా తప్పు తప్పేనని, తప్పు చేసినా నాన్న నాన్నేనని, ఈ రెండూ ఒకే గుండెలో పడతాయని చెప్పిన పిల్లల పుస్తకం నాకు తెలిసి తక్కువ.

సవతితల్లి సంగతి కూడా అంతే. ఎల్లెన్ రాక్షసి కాదు, దేవతా కాదు. ఊరు కాని ఊళ్ళో, భాష కాని భాషలో సంసారం చేసుకుంటున్న ఒక మామూలు ఆడది. ఆవిడకి కొడుకు పుడితే వాడికి అమరోక్ అని పేరు పెడతారు. చంపినవాడి ఇంట్లోనే చచ్చినవాడి పేరు మళ్ళీ కేరింతలు కొడుతుందన్నమాట. తాతల పేర్లు పిల్లలకి పెట్టుకునే మనకి ఈ ఏర్పాటులోని ఓదార్పు వెంటనే తెలుస్తుంది.

పెళ్ళి విషయం మరీ బాగుంది. పీటర్ సుగ్లుక్ అనే సైబీరియా వైపు నుంచి వచ్చిన కుర్రాడు జూలీని ఇష్టపడి అడుగుతాడు. ఆమెకీ ఇష్టమే. కానీ ముందు చదువుకుంటానంటుంది. మొదటి నవల్లో ఎవరూ అడక్కుండానే పెళ్ళయిపోయిన పిల్ల, రెండో నవల్లో అడిగితే ఆగమని చెప్పగలిగింది. మొదటి పుస్తకంలోని ఆ బలవంతపు దృశ్యం కారణంగా దాన్ని పిల్లల చేతికివ్వకూడదని గొడవలు జరిగాయి. 1990ల దశకంలో అమెరికాలో ఎక్కువ అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల జాబితాలో అదీ వుంది. ఇనుపియాక్ చదువరుల్లో కొందరి అభ్యంతరం వేరు: పదమూడేళ్ళ పిల్లకి అలా పెళ్ళి చెయ్యడం మా ఆచారం కాదు, బయటినుంచి వచ్చినావిడ మా మీద రుద్దిందన్నారు. వాళ్ళ మాటకి విలువివ్వాలి. పరాయివాళ్ళ ఇంటి సంగతి రాసేటప్పుడు ప్రేమ ఒక్కటీ చాలదు. రెండో నవల్లో పీటర్‌కి జూలీ ఇచ్చిన జవాబు ఆ లోటుని పూర్తిగా తీర్చదు గానీ, ఆడపిల్ల ఇష్టానికి మాత్రం చోటిచ్చింది.

ఇక నాకు మింగుడుపడనిది చెబుతాను. అది ముగింపు.

తోడేళ్ళు మళ్ళీ దొడ్డి దగ్గరికి వస్తాయి. తుపాకి తియ్యవలసిన కపుగెన్ దొడ్డి తలుపు తీస్తాడు. మంద స్వేచ్ఛగా మైదానంలోకి వెళ్ళిపోతుంది. తమని తామే కాచుకుంటాయి, తోడేళ్ళూ బతుకుతాయి, కూతురి మనసూ కుదుటపడుతుంది. చదువుతున్నప్పుడు ఒళ్ళు పులకరించిన మాట నిజం. పుస్తకం మూశాక మాత్రం నాలోని గృహిణి లేచి కూచుంది. మరి రేపు పొయ్యిలోకి ఏమిటి? ఆ ఉన్ని మీద ఆశ పెట్టుకున్న పల్లె సంగతేమిటి? నూట డెబ్భై పేజీలకి పైగా "పల్లె బతకాలి" అన్న మాటకి అంత బరువు ఇచ్చి, చివర ఒక్క గడియ తీసి ఆ బరువంతా దింపేస్తే ఎలా? తండ్రి మారడం నాకు సంతోషమే. ఆ మారడానికి అయిన ఖర్చు ఎవరు భరించారో చెప్పకపోవడమే బాధ.

ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. ఈ నవల వచ్చిన మరుసటేడే, 1995లో, అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయవనంలోకి కెనడా నుంచి తోడేళ్ళని తీసుకొచ్చారు. ఆ ఏడూ మరుసటేడూ కలిపి 31 తెచ్చి వదిలారు. చుట్టుపక్కల పశువులు పెంచేవాళ్ళు గగ్గోలు పెట్టారు. వాళ్ళ దొడ్లకి తలుపులు తెరవమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినరు. పోయిన పశువుకి పరిహారం ఇవ్వడం, కాపలాకి కుక్కలు పెంచడం, కంచెలు వెయ్యడం, ఎంతకీ మాట వినని తోడేలుని చివరికి కాల్చెయ్యడం, ఇలా రోజుకో పేచీగా ఆ కాపురం నడిచింది. ఎల్లెన్ పుట్టిన మిన్నెసోటాలోనే 1970ల చివరినుంచి ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తూ వచ్చింది. మన దక్కను మెట్టల్లో గొర్రెలు కాచుకునే గొల్ల, కురుమలకీ ఇది తెలియని పేచీ కాదు. తోడేలుని చంపడం మన చట్టం ప్రకారం పెద్ద నేరం. గొర్రెపిల్ల పోతే ఆ ఇంటివాడికి పెద్ద నష్టం. రెండూ నిజాలే. పిల్లలకి ఈ రెండో నిజం చెబితే కథ చప్పబడిపోతుందని రచయిత్రి భయపడిందేమో. చప్పబడదని నా నమ్మకం. కూతురి కోపాన్ని అంత ఓపిగ్గా రాసిన చెయ్యి, తండ్రి జమాఖర్చు కూడా రాయగలిగేది.

మొదటి నవల శిల్పంలో గొప్పదని ఒప్పుకుంటాను. దానిలో పిల్లా, తోడేళ్ళూ, ఆకాశం తప్ప ఏమీ లేవు కనక గీత చెదరలేదు. రెండోదానిలో సవతితల్లి వుంది, చంటిపిల్లాడున్నాడు, ప్రేమించిన కుర్రాడున్నాడు, ఊన్ని వడకడం వుంది, తోడేళ్ళు అప్పుడప్పుడూ పక్కకి జరిగిపోతాయి. ఇల్లన్నాక అంతే కదా మరి! అడవిలో మనసు ఒక్కదాని మీదే నిలుస్తుంది. ఇంట్లో ఆ వీలు ఎవరికుంది?

జార్జ్ 2012లో, తొంభై రెండేళ్ళ వయసులో కన్నుమూసింది. నూటికి పైగా పుస్తకాలు రాసింది. మీ ఇంట్లో పదకొండు పన్నెండేళ్ళ పిల్ల వుండి, ఇంగ్లీషు పుస్తకం చదివే ఓపిక వుంటే మొదటి నవలతో ఆపకండి, రెండోదీ ఇవ్వండి. ఇచ్చేముందు మీరూ చదవండి. ముగింపు దగ్గరికి వచ్చాక "దొడ్డి తలుపు తీశాక ఆ ఊరివాళ్ళు ఏం తిన్నారే?" అని పిల్లని అడగండి. ఏం చెబుతుందో వినండి. వీలైతే వాళ్ళ నాన్నని కూడా పక్కన కూచోమనండి.